జపాన్ నుంచి ఆక్లాండ్‌కు వచ్చిన ఫెయిర్‌లేడీ జడ్: స్టీరియో, నావిగేషన్ మార్పిడిపై ఒక కేస్ స్టడీ

న్యూజిలాండ్ రోడ్ల మీద తిరిగే కార్లలో ఎన్నో జపాన్‌లో కొన్నేళ్లు నడిచి, ఆ తరువాత ఓడెక్కి ఇక్కడికి చేరినవే. వాటి ఇంజనుకు, బ్రేకులకు ఈ దేశంలో కొత్తగా నేర్చుకోవలసినది ఏమీ ఉండదు, ఎందుకంటే రెండు దేశాల్లోనూ బండి ఎడమ పక్కనే నడుస్తుంది, స్టీరింగు కుడి వైపే ఉంటుంది. చిక్కంతా డ్యాష్‌బోర్డులో ఉంటుంది. రేడియోకు ఇక్కడి స్టేషన్లు అందవు, నావిగేషన్‌కు ఇక్కడి దారులు తెలియవు, తెర మీది అక్షరాలు యజమానికి చదవరావు. ఆక్లాండ్‌లో ఆటో ఎలక్ట్రీషియన్‌గా నా దగ్గరకు వచ్చే దిగుమతి కార్లలో ఎక్కువ భాగం ఈ కారణంతోనే వస్తాయి. వాటిలో 2004 నాటి ఒక నిస్సాన్ ఫెయిర్‌లేడీ జడ్ మీద చేసిన పనిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పాత స్పోర్ట్స్ కారులో స్టీరియో మార్చడం అంటే కొత్త తెర బిగించడమే అనుకునేవారికి, తెర వెనుక జరగవలసిన పని ఎంత ఉంటుందో ఈ కారులో స్పష్టంగా కనిపించింది.

వచ్చినప్పటి స్థితి

జడ్33 అనే సంకేతనామంతో 2002 జూలైలో జపాన్‌లో విడుదలై, 2008 వరకు తయారైన కారు ఇది. అమెరికా, ఐరోపా దేశాల్లో దీనినే 350జడ్ అన్నారు. ముందు 3.5 లీటర్ల వీ6 ఇంజను, వెనుక చక్రాలకు చలనం, ఇద్దరికే చోటు. డ్యాష్‌బోర్డు మధ్యన పైభాగంలో ఆయిల్ ప్రెషర్, వోల్టేజి, ట్రిప్ సమాచారం చూపే మూడు చిన్న మీటర్లు వరుసగా ఉంటాయి. వాటి కింద మామూలు కార్లలో మూత ఉన్న చిన్న అర ఉంటుంది, నావిగేషన్ తీసుకున్న కార్లలో ఆ చోట తెర ఉంటుంది. దాని కింద రేడియో, ఇంకా కింద ఏసీ మీటలు. మా కారు నావిగేషన్ ఉన్నదే, పైగా బోస్ కంపెనీ ఆడియో అమరిక ఉన్నది.

యజమాని హనుమకొండ నుంచి వచ్చి ఆక్లాండ్‌లో స్థిరపడిన ఇంజనీరు. వారాంతాల్లో మాత్రమే ఈ కారు తీస్తారు. ఆయన చెప్పిన ఇబ్బందులు ఐదు: నావిగేషన్ తెర జపాన్ పటం తప్ప మరేదీ చూపదు, తేదీ దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి ఉంటుంది, ఎఫ్‌ఎంలో కొన్ని స్టేషన్లే అవీ గరగరలతో వస్తాయి, ఎడమ తలుపు స్పీకరు బొంగురుపోయింది, రెండు వారాలు కదపకుండా ఉంచితే కారు స్టార్టు కాదు. చివరిదానికీ స్టీరియోకూ సంబంధం ఉంటుందని ఆయన అనుకోలేదు. తాళం తిప్పిన ప్రతిసారీ ఒక స్త్రీ గొంతు జపనీస్‌లో ఏదో చెబుతుందని నవ్వుతూ చెప్పారు. అది జపాన్ టోల్ రోడ్ల మీద ఆగకుండా రుసుము కట్టడానికి పెట్టే ఈటీసీ పెట్టె. కార్డు పెట్టలేదని గుర్తుచేస్తోంది. ఆక్లాండ్‌కు ఉత్తరాన ఉన్న నార్తర్న్ గేట్‌వే టోల్ రోడ్డులో కెమెరాలు నంబరు ప్లేటును చదివే పద్ధతి ఉంది కాబట్టి ఆ పెట్టెతో ఇక్కడ పనే లేదు.

తేదీ వెనక్కి పోవడానికి కారణం సులభమే. ఉపగ్రహాలు పంపే వారం సంఖ్యకు జీపీఎస్ మూల సంకేతంలో పది బిట్లే కేటాయించారు. 1024 వారాలు, అంటే సుమారు 19.6 ఏళ్లు గడిచేసరికి అది మళ్లీ సున్నాకు వస్తుంది. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో మరోసారి అలా జరిగింది. లోపలి సాఫ్ట్‌వేరు ఆ మలుపును లెక్కలోకి తీసుకోకపోతే స్థానం సరిగానే చూపినా తేదీ తప్పుతుంది. 2022 జనవరిలో అనేక పాత హోండా కార్ల గడియారాలు 2002కు వెళ్లిపోయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. మూలం ఇదే లెక్క.

ఏది ఉంచాలి, ఏది తీయాలి

జడ్33లు ఇప్పుడు పాతబడిన కార్ల నుంచి సేకరించదగ్గ కార్ల వైపు మెల్లగా జరుగుతున్నాయి. కాబట్టి యజమానితో మొదట కుదుర్చుకున్న షరతు ఒక్కటే: ఫ్యాక్టరీ తీగ ఒక్కటి కూడా తెగకూడదు, డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్‌కు కొత్త రంధ్రం పడకూడదు, తీసిన ప్రతి వస్తువూ తిరిగి పెట్టగలిగేలా ఉండాలి. ఈ షరతు వల్ల ఖర్చు కొంత పెరుగుతుంది. కనెక్టరు కోసి తీగలు మెలిపెట్టి టేపు చుడితే అరగంటలో అయ్యే పనికి, ఫ్యాక్టరీ సాకెట్టులో సూటిగా కూర్చునే అడాప్టర్ హార్నెస్ (కనెక్టరు ఉన్న తీగల కట్ట) తెప్పించి, దాని రెండో కొసను కొత్త యూనిట్ తీగలకు బల్ల మీద టంకం పెట్టి, ష్రింక్ ట్యూబు తొడగాలి. అయినా ఇరవై ఏళ్ల కారులో నేను వేరే పద్ధతి ఒప్పుకోను. ఇలాంటి కార్లలో నేను వెతికిన విద్యుత్ లోపాల్లో ఎక్కువ భాగం కారు తయారీలో పుట్టినవి కావు, మధ్యలో ఎవరో టేపు చుట్టిన చోట పుట్టినవే.

కొత్త యూనిట్ విషయంలో నా సలహా స్పష్టంగా ఉంది: జపాన్ మార్కెట్టు కోసం తయారైన యూనిట్ ఎంత చవకగా దొరికినా వద్దు. దాని ఎఫ్‌ఎం పరిధి ఇక్కడికి సరిపోదు. న్యూజిలాండ్, ఆస్ట్రేలియాలలో అమ్మే, జీపీఎస్ యాంటెన్నా ఇన్‌పుట్, కారు వేగాన్ని తెలిపే సంకేతం తీసుకునే తీగ ఉన్న రెండు-డిన్ (మామూలు కారు రేడియోకు రెట్టింపు ఎత్తున్న) యూనిట్ ఎంచుకున్నాము. నిస్సాన్ అర వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 100 మిల్లీమీటర్లు. టయోటా కార్ల 200 మిల్లీమీటర్ల యూనిట్లు ఇందులో పట్టవు. తెర పరిమాణం గురించి యజమానికి ఆశలు ఎక్కువగా ఉండేవి. బయటికి పొడుచుకువచ్చే పది అంగుళాల తెర పెడితే గేరు లివరు మీదికి వస్తుందని, పైనున్న మూడు మీటర్ల అందం పోతుందని చెప్పాక, అరలో ఇమిడే సుమారు ఏడు అంగుళాల దానికి ఒప్పుకున్నారు.

రేడియో

జపాన్ ఎఫ్‌ఎం బ్యాండు ఆ కాలంలో 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ వరకే. దాని పైన 90 నుంచి 108 వరకు ఉన్న జాగాను అక్కడ అనలాగ్ టీవీ మొదటి మూడు చానెళ్లకు ఇచ్చారు. ఆ ప్రసారాలు 2011 జూలైలో దేశంలో ఎక్కువ భాగాన ఆగిపోయాక గాని ఆ జాగా ఖాళీ కాలేదు. న్యూజిలాండ్ ఎఫ్‌ఎం దాదాపు అంతా 88 నుంచి 108 మధ్య ఉంది. రెండింటికీ ఉమ్మడిగా మిగిలేది 88 నుంచి 90 వరకు ఉన్న చిన్న ముక్క. ఏఎం విషయంలో మాత్రం ఈ గొడవ లేదు, ఎందుకంటే రెండు దేశాల్లోనూ స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జే.

దిగుమతిదారులు దీనికి చేసే చవక వైద్యం బ్యాండ్ ఎక్స్‌పాండర్. యాంటెన్నా తీగకూ రేడియోకూ మధ్య అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి పెడతారు. ఈ కారులో ఉన్నది వచ్చే సంకేతాన్ని 14 మెగాహెర్ట్జ్ కిందికి దించే రకం. ఆక్లాండ్‌లో 101.4 మీద వచ్చే ప్రభుత్వ రేడియో ఆర్ఎన్‌జడ్ నేషనల్ ఈ రేడియోలో 87.4 దగ్గర పలుకుతుంది. వినడానికి ఉపాయంగానే ఉంటుంది గాని దీనికి మూడు లోపాలున్నాయి. కిందికి దించాక కూడా 14 మెగాహెర్ట్జ్ వెడల్పే అందుతుంది కాబట్టి 104కు పైన ఉన్నవేవీ రావు. ఇక్కడ చిన్న చిన్న సమాజ రేడియోలకు తక్కువ శక్తితో ప్రసారం చేసుకోవడానికి ఇచ్చిన 106.7 నుంచి 107.7 వరకు ఉన్న భాగం పూర్తిగా పోతుంది. రెండవది, 88 నుంచి 90 మధ్య ఉన్న బలమైన స్థానిక స్టేషన్లు డబ్బాను దాటుకుని నేరుగా రేడియోలోకి చొరబడి, 102 నుంచి 104 మధ్య నుంచి దిగివచ్చిన స్టేషన్ల నెత్తిన కూర్చుంటాయి. యజమాని చెప్పిన గరగరలో సగం ఇదే. మూడవది దాని విద్యుత్తు, దాని సంగతి కింద చెబుతాను.

కొత్త యూనిట్ పెట్టాక ఎక్స్‌పాండర్‌ను తీసివేసి యాంటెన్నా ప్లగ్గును సూటిగా కలిపాను. జపాన్ బ్యాండు మధ్య 83 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగం పొడవు సుమారు 90 సెంటీమీటర్లు, ఇక్కడి బ్యాండు మధ్య 98కి సుమారు 77 సెంటీమీటర్లు. ఆ తేడా వల్ల కొంత నష్టం ఉన్నా నగరంలో చెవికి తెలియదు. వెనుక ఎడమ ఫెండరులో మోటారుతో లేచే యాంటెన్నా కడ్డీ పూర్తిగా లేవకపోవడం మాత్రం తెలుస్తుంది. లోపలి నైలాన్ పళ్ల తాడు అరిగిపోయింది.

యాంటెన్నా గురించి మరొక మాట. కొత్త యూనిట్లలో యాంటెన్నా మోటారుకు ఒక నీలం తీగ, యాంప్లిఫయరును లేపడానికి తెల్లచార ఉన్న నీలం తీగ ఉంటాయి. రెండూ నీలమే కదా అని యాంప్లిఫయరును మొదటిదానికి కలిపితే, చాలా యూనిట్లలో రేడియో వింటున్నంతసేపూ పాట వస్తుంది, ఫోనుకు మారగానే నిశ్శబ్దం. వేరే చోట చేయించుకుని, యూనిట్ పాడైందని నా దగ్గరకు తెచ్చినవాళ్లు ఉన్నారు.

కారును నిద్రపోనివ్వని కరెంటు

కొత్తది ఏదైనా పెట్టేముందు పాత స్థితిని కొలవడం నా అలవాటు. తలుపులు మూసి, తాళం వేసి, కంప్యూటర్లన్నీ నిద్రలోకి జారుకునేవరకు ఆగి బ్యాటరీ మైనస్ వైపు కొలిస్తే 95 మిల్లీఆంపియర్లు కారుతోంది. రోజుకు దాదాపు 2.3 ఆంపియర్-గంటలు. 50 ఆంపియర్-గంటల బ్యాటరీలో సగం పదకొండు రోజుల్లో ఖాళీ అవుతుంది. పాతబడిన బ్యాటరీకి అంత గడువు కూడా ఉండదు. ఒక్కొక్క ఫ్యూజూ తీసి చూస్తే ఆడియో ఫ్యూజు దగ్గర సూచిక పడిపోయింది. ఎక్స్‌పాండరును బిగించినవారు తాళం తిప్పితేనే వచ్చే లైనుకు కాకుండా, రేడియో జ్ఞాపకశక్తి కోసం ఎప్పుడూ ఉండే లైనుకు కలిపారు. రోజూ నడిపే కారులో ఈ పొరపాటు ఏళ్ల తరబడి బయటపడదు, వారానికొకసారి తీసే కారులో మొదటి చలికాలంలోనే బయటపడుతుంది. అది తీసేశాక కారే కరెంటు 35 మిల్లీఆంపియర్లకు దిగింది. 50కి లోపల ఉంటే నేను తృప్తిపడతాను.

బ్యాటరీ విడదీసేముందు ఈ కారులో తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఎయిర్‌బ్యాగుల కోసం కనీసం మూడు నిమిషాలు ఆగి గాని పసుపుపచ్చ కనెక్టర్ల జోలికి పోకూడదు. తిరిగి కలిపాక తలుపు అద్దాల ఆటో పనికి, ఇంజనుకు గాలి వదిలే థ్రాటిల్‌కు మళ్లీ నేర్పవలసి రావచ్చు. యాక్సిలరేటరును ముట్టకుండా తాళం ఆన్ చేసి, ఆఫ్ చేసి కనీసం పది సెకన్లు ఆగితే థ్రాటిల్ కవాటం కదిలిన చప్పుడు వినిపిస్తుంది. అది మూసుకున్న స్థానాన్ని నేర్చుకున్నట్లే. ఈ మాట తెలియకపోతే స్టీరియో మార్చినందుకు ఇంజను ఐడిలింగు పాడైందని యజమాని అనుమానించడం సహజం.

ధ్వని

బోస్ అమరికను ఉంచాలా తీయాలా అన్న దాని మీద మేము ఎక్కువసేపు చర్చించాము. దానిలో పాత రేడియో చిన్న సంకేతాన్ని పంపితే వేరే యాంప్లిఫయర్ దానిని పెంచి, ఓములు (విద్యుత్ నిరోధం) తక్కువ ఉన్న ప్రత్యేక స్పీకర్లకు ఇస్తుంది. ఈ కారు తలుపు స్పీకరును మీటరుతో చూస్తే 2 ఓములు కూడా లేదు. కొత్త యూనిట్లలోని సొంత యాంప్లిఫయర్ 4 ఓముల స్పీకర్ల కోసం తయారైనది కాబట్టి దానిని నేరుగా ఈ స్పీకర్లకు కలిపితే వేడెక్కి ఆగిపోతుంది లేదా కాలిపోతుంది. ఇటువైపు నుంచి చూసినా అంతే: బోస్ యాంప్లిఫయరును ఉంచి 4 ఓముల స్పీకర్లు పెడితే శబ్దం నీరసంగా వస్తుంది. ఉంచితే అంతా ఉంచాలి, తీస్తే అంతా తీయాలి. స్పీకర్లు బాగుంటే ఉంచమనే చెప్పేవాడిని. కాని ఎడమ తలుపు కోను చుట్టూ ఉన్న అంచు పొడిపొడిగా రాలిపోతోంది, సీటు వెనుక బాస్ స్పీకరు కూడా గిలకలాడుతోంది.

ముందు తలుపుల్లో ఆరున్నర అంగుళాల జత, వాటికి విడిగా ట్వీటర్లు (సన్నని స్వరాల చిన్న స్పీకర్లు), సీటు వెనుక తగ్గు స్వరాలకు ఎనిమిది అంగుళాల సబ్‌వూఫరు, వీటికి నాలుగు చానెళ్ల క్లాస్-డి రకం (తక్కువ వేడెక్కే) యాంప్లిఫయరు పెట్టాము. మొదటి రెండు చానెళ్లు తలుపులకు, మిగిలిన రెండింటినీ కలిపి సబ్‌కు. వెనుక స్పీకర్లు పెట్టలేదు. ఇద్దరే కూర్చునే కారులో తల వెనుక నుంచి వచ్చే శబ్దం ముందున్న గాయకుణ్ణి వెనక్కి లాగడం తప్ప ఏమీ చేయదు. తలుపు స్పీకరు ఎంచుకునేటప్పుడు వెడల్పు కన్నా లోతు చూసుకోవాలి. అద్దాన్ని పూర్తిగా దించి అయస్కాంతానికి తగలడం లేదని రూఢి చేసుకున్నాకే ప్యానెల్ మూయాలి.

మొత్తం శక్తి 350 వాట్లు అనుకున్నా, సామర్థ్యం 80 శాతం లెక్కన 13.8 వోల్టుల దగ్గర గరిష్ఠంగా 32 ఆంపియర్లు కావాలి. విండ్‌షీల్డు కింద ఉన్న బ్యాటరీ నుంచి సీటు వెనుకకు సుమారు నాలుగు మీటర్లు. 21 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో ఆ కరెంటుకు వోల్టేజి నష్టం 0.1 వోల్టు దగ్గరే ఉంటుంది. 40 ఆంపియర్ల ఫ్యూజును బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపు పెట్టాను. ఈ ఫ్యూజు యాంప్లిఫయరును కాపాడటానికి కాదు. ఎక్కడైనా తీగ ఒలిచిపోయి ఇనుముకు తగిలితే కారు తగలబడకుండా కాపాడటానికి. దానిని యాంప్లిఫయరు పక్కన పెట్టేవాళ్లు ఈ తేడా గ్రహించరు. ఎర్త్ కోసం ఉన్న బోల్టు కిందే రంగు గీకి, పంటి వాషరుతో బిగించి, పూర్తి శబ్దం మీద బ్యాటరీ మైనస్‌కూ యాంప్లిఫయరు ఎర్త్‌కూ మధ్య కొలిస్తే 0.06 వోల్టు వచ్చింది. ఇంజను రెవ్‌తో పాటు పెరిగే కూత లేదు. డ్యాష్‌బోర్డు మీది వోల్టేజి మీటరు ఈ పరీక్షకు ఎంత ఉపయోగపడుతుందో చూసి ముచ్చటేసింది; ఈ కాలం కార్లలో చాలావాటిలో దానికి చోటు లేదు.

ఈ కారులో ధ్వనికి అసలు శత్రువు వెనుక టైర్ల హోరు. సీట్లకూ డిక్కీకీ మధ్య గోడ లేదు. గరుకు రాతి ముక్కలు వేసిన ఇక్కడి రోడ్ల మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంలో తగ్గు స్వరాలన్నీ ఆ హోరులో మునిగిపోతాయి. తలుపుల రేకుకు, వెనుక చక్రాల గూళ్ల మీద అదురును, హోరును తగ్గించే డ్యాంపింగ్ షీటు అంటించడానికి యజమాని మొదట ఒప్పుకోలేదు, కనిపించని దానికి డబ్బెందుకన్నారు. తెరకు పెట్టిన ఖర్చులో నాలుగో వంతు కూడా కాని ఆ షీటు, నా లెక్కలో, ఈ మొత్తం పనిలో చెవికి అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది.

తలుపు స్పీకర్లకు 80 హెర్ట్జ్ కింద కోత, సబ్‌కు 80 పైన కోత పెట్టి, ఆ తరువాత ఆలస్యం సరిచేశాను. డ్రైవరు చెవికి కుడి తలుపు స్పీకరు ఎడమదానికన్నా అర మీటరు దగ్గరగా ఉంది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి కుడి స్పీకరును 1.46 మిల్లీసెకన్లు ఆపితే రెండు వైపుల శబ్దం ఒకేసారి చేరుతుంది. ఇది కుదిరిందో లేదో చూడటానికి నేను స్టీరియో పాటలు వాడను. ఘంటసాల 1950లలో పాడిన మోనో రికార్డింగు ఒకటి పెడతాను. రెండు చానెళ్లలోనూ ఒకే సంకేతం ఉంటుంది కాబట్టి అమరిక సరిగా ఉంటే గొంతు స్టీరింగుకు ఎడమగా, డ్యాష్‌బోర్డు నడుమన ఒకే బిందువులో నిలుస్తుంది. తప్పితే కుడి మోకాలి దగ్గర నుంచి వస్తుంది. యజమానికి మిల్లీసెకన్ల లెక్క చెప్పనక్కరలేకపోయింది. ఆ గొంతు మోకాలి దగ్గర నుంచి నడిమికి జరగడం ఆయనే విని, ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ తానే సరిచేయించుకున్నారు.

నావిగేషన్

ఫోనులోని పటాన్ని తెర మీద చూపే పద్ధతులు 2014, 2015 నుంచి వచ్చాక విడి నావిగేషన్ యూనిట్ అవసరం చాలావరకు తీరిపోయింది. అయినా యూనిట్‌కు సొంత జీపీఎస్ యాంటెన్నా, వేగ సంకేతం ఎందుకన్న ప్రశ్నకు ఆక్లాండ్‌లో ఒక మంచి జవాబు ఉంది: వాటర్‌వ్యూ సొరంగం. 2017 జూలైలో తెరిచిన ఈ జంట సొరంగం పొడవు 2.4 కిలోమీటర్లు. ఉత్తరంగా పోతున్నప్పుడు దాని చివర నుంచే నగరం వైపు, పడమటి వైపు దారులు చీలిపోతాయి. అంటే ఏ లేనులో ఉండాలో చెప్పవలసిన చోటుకు చేరేముందే ఉపగ్రహాలు కనబడకుండా పోతాయి. ఫోను తన అంచనాతో కొంతదూరం నెట్టుకొస్తుంది, రద్దీలో ఆగి ఆగి పోతుంటే ఆ అంచనా తప్పుతుంది.

పాత జపాన్ నావిగేషన్ యూనిట్ వెనుక వేగ సంకేతం తీగ సిద్ధంగా ఉంది. ఆ దేశపు ప్రమాణం ప్రకారం గంటకు 60 కిలోమీటర్ల వేగంలో స్పీడోమీటరు కడ్డీ నిమిషానికి 637 చుట్లు తిరుగుతుంది. చుట్టుకు నాలుగు స్పందనల రకమైతే కిలోమీటరుకు 2548. దాన్ని, రివర్స్ సంకేతాన్ని అడాప్టర్ ద్వారా కొత్త యూనిట్‌కు అందించాను. యాంటెన్నాను మీటర్ల గూడు కింద ప్లాస్టిక్ లోపల, చిన్న ఇనుప పలక మీద ఆకాశం వైపు చదునుగా కూర్చోబెట్టాను. ప్లాస్టిక్ ఆ సంకేతాన్ని ఆపదు, ఇనుము ఆపుతుంది. స్థానాన్ని యూనిట్ నుంచే ఫోను తీసుకుంటుంది కాబట్టి సొరంగంలో, ఆగి కదిలే రద్దీలో కూడా, గుర్తు కారుతోపాటే ఆగింది, కదిలింది. కొరమాండల్ ద్వీపకల్పం దారుల్లో సిగ్నలు లేని చోట్లు ఉన్నాయి కనుక పటాన్ని ముందుగా ఫోనులో దింపుకోవడం యజమాని పని.

కారు కదులుతుండగా వీడియో రాకుండా అడ్డుకునే హ్యాండ్‌బ్రేక్ తీగను చాలామంది ఎర్త్‌కు కలిపి మోసం చేయమంటారు. ఈయన కూడా అడిగారు. నేను దానిని హ్యాండ్‌బ్రేక్ స్విచ్‌కే కలిపాను, వేరేలా కావాలంటే వేరేవారితో చేయించుకోమన్నాను. ఆయన పట్టుబట్టలేదు.

అప్పగించిన తరువాత

పాత తెర స్థానంలో నావిగేషన్ లేని కార్ల మూత అర పెట్టాము. తీసిన రేడియో, తెర, బోస్ యాంప్లిఫయరు, ఎక్స్‌పాండరు, ఈటీసీ పెట్టె అన్నీ ఏ కనెక్టరు ఎక్కడిదో చీటీలు అంటించి యజమానికి ఇచ్చాను. కొత్త యూనిట్, యాంప్లిఫయరుతో కలిపి నిద్రలో కారే కరెంటు 38 మిల్లీఆంపియర్లు. మూడు వారాలు కదపకుండా ఉంచిన తరువాత కారు ఒక్క తిప్పుకే స్టార్టయిందని ఆయన ఫోనులో చెప్పారు. మిగిలి ఉన్నది యాంటెన్నా కడ్డీ ఒక్కటే. పళ్ల తాడుతో సహా కొత్త కడ్డీ జపాన్ నుంచి రావాలి. వచ్చాక మోటారు నడుస్తుండగా పాతది బయటికి లాగి, కొత్తదాని తాడు పళ్లు మోటారు వైపు తిప్పి లోపలికి అందిస్తే అదే చుట్టుకుంటుంది. అంతవరకు నగరం దాటితే ఎఫ్‌ఎం బదులు ఏఎంలో 756 మీద వచ్చే ఆర్ఎన్‌జడ్ నేషనల్ పెట్టుకోమన్నాను.